తీగ తీగకీ లెక్క

గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాట్ రోడ్డులో, నందికనుమ మలుపుల దగ్గర, ఒక రాత్రి మా బాబాయి జీపుకు రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారే పోయాయి. డీజిల్ ఇంజనుకు స్పార్కుతో పని లేదు కనుక బండి ఆగలేదు. దారి మాత్రం కనపడలేదు. వెనకాల వచ్చిన లారీ డ్రైవరు మమ్మల్ని ముందు పెట్టుకుని, తన లైట్ల వెలుతురులో దిగువమెట్ట దాకా దించాడు. తెల్లారి బానెట్ ఎత్తి చూస్తే, డ్యాష్‌బోర్డు కింద నుంచి వచ్చే వైర్ల కట్ట ఒకచోట కరిగి నల్లటి ముద్దయి ఉంది.

జీపు ఎనభైల చివరి నాటి మహీంద్రా ఎంఎం 540. మహీంద్రా వాళ్లు 1947లో అమెరికా విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు, ఇదీ ఆ వంశంలోదే. నల్లమల అంచున దోర్నాల, యర్రగొండపాలెం, కంభం వైపు పల్లెల్లో ఈ జీపులు చేయని పని లేదు. మిరప కోతలకు కూలీలు, పెళ్లికి చుట్టాలు, ఆస్పత్రికి కాన్పు మనిషి, అందరూ ఇందులోనే వెళ్లారు. ఆ ముప్పై ఏళ్లలో ఎవరికి తోచిన వైరు వాళ్లు కలుపుకుంటూ పోయారు.

కాలిన చోట కోసి కొత్త ముక్క అతికిస్తే సాయంత్రానికల్లా బండి ఇంటికి వెళ్లిపోతుందని అందరూ చెప్పారు. మార్కాపురంలో మేము బండి చూపించిన వైరింగ్ మేస్త్రి ఒప్పుకోలేదు. కట్ట మీది టేపు ఒక జానెడు మేర విప్పి, లోపల నుంచి ఒక పసుపు వైరు బయటికి లాగాడు. అర అడుగు పోయాక అది ఎర్రదయింది, ఇంకాస్త పోయాక ఇంటి కరెంటు వైరయింది. "ఇది యాడ మొదలైందో యాడికి పోతాందో ఏసినోడికే తెలీదు సార్. మొత్తం తీసేద్దాం" అన్నాడు. అలా మొదలైన పని నాలుగు రోజులు పట్టింది. నేను రెండు రోజులు పూర్తిగా అక్కడే కూర్చున్నాను.

మొదటి రోజు కొత్త వైరు ఒక్కటి కూడా వేయలేదు. పాత కట్టను తెంపకుండా, ప్రతి కొనకూ కాగితం చీటీ కట్టి, చర్మం ఒలిచినట్టు బండి మీంచి ఒలిచి, ఒక చెక్క మీద పరిచి మేకులు కొట్టాడు. ఏ పాయ ఎంత పొడవు, ఏ మలుపు ఎక్కడ అన్నది ఆ చెక్కే చెబుతుంది. తర్వాత షెడ్డు మూల నుంచి ఒక పలకరాతి బిళ్ల తెచ్చుకున్నాడు. మార్కాపురంలో పలకలకు కరువా! దాని మీద బలపంతో బ్యాటరీ, సెల్ఫ్, ఆల్టర్నేటర్, స్విచ్, ఫ్యూజు బాక్సు గీసి, గీతలు కలుపుతూ, చెరిపి మళ్లీ కలుపుతూ గంటసేపు కూర్చున్నాడు. ఆ బిళ్లకూ కరెంటుకూ పాత చుట్టరికమే. విద్యుత్తు కొత్తగా వచ్చిన కాలంలో పడమటి దేశాల్లో స్విచ్ బోర్డులు పలకరాతి బిళ్లల మీద బిగించేవారు. కరెంటు పారదు, నిప్పంటుకోదు అని.

రంగుల విషయంలో మాత్రం ఆయనది కచ్చితమైన పట్టింపు. పాత లూకాస్ కంపెనీ రంగుల పద్ధతి ఆయనకు నోటికి వచ్చు. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది బ్రౌన్, ఇగ్నిషన్ స్విచ్ దాటింది తెలుపు, ఆ తెలుపు ఫ్యూజు దాటాక ఆకుపచ్చ, హెడ్‌లైట్లకు నీలం, పార్కింగ్ లైట్లకు ఎరుపు, ఎర్త్‌కు నలుపు. ఆకుపచ్చ చుట్ట అయిపోతే పని ఆపి ఒంగోలు నుంచి తెప్పించాడు గానీ చేతికందిన నీలంతో సరిపెట్టలేదు. రేపు వినుకొండలోనో నంద్యాలలోనో ఎవరో ముక్కూముఖం తెలియని మేస్త్రి ఈ బానెట్ ఎత్తితే, రంగు చూసి వాడికి దారి తెలియాలి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే. తన తర్వాత చెయ్యి పెట్టేవాడి మీద ఆయనకున్న మర్యాద.

హెడ్‌లైట్లు ఎందుకు మసకగా వెలిగేవో కూడా అప్పుడే తెలిసింది. 60 వాట్ల బల్బులు రెండు, 12 ఓల్టులు, అంటే 10 ఆంపియర్లు. పాత దారిలో ఆ కరెంటంతా బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్‌కూ, అక్కడి నుంచి కాలి కింది డిమ్మర్ స్విచ్‌కూ, మళ్లీ ముందుకూ తిరిగేది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.018 ఓమ్‌ల నిరోధం. అయిదు మీటర్లు నడిచేసరికి ఒక ఓల్టు దాకా దారిలోనే పోతుంది. అరిగిన స్విచ్చులు మింగేది అదనం. బల్బు దగ్గర ఓల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం దాకా పడిపోతుంది. మేస్త్రి రెండు రిలేలు పెట్టాడు. ఇప్పుడు స్విచ్ గుండా పోయేది రిలేను లేపడానికి కావలసిన చిటికెడు కరెంటే. బల్బుల కరెంటు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు మీదుగా, రెండు మీటర్లలో చేరిపోతుంది.

ఎర్త్ దగ్గర ఆయన చేసిన పని మాత్రం దగ్గరికి వంగి చూడాల్సిందే. బండిలో వైర్లు సగం దారే. కరెంటు తిరిగి వచ్చేది ఛాసిస్ ఇనుము గుండా. ఆ ఇనుము మీద ముప్పై ఏళ్ల పెయింటు, తుప్పు, బురద. ఛాసిస్ మీద రూపాయి బిళ్లంత మేర ఉప్పుకాగితంతో రుద్దాడు. పెయింటు పోయింది, ఎర్ర ప్రైమర్ పోయింది, తుప్పు పోయింది. ఇనుము తెల్లగా మెరిసేదాకా ఆపలేదు. దాని మీద వైరు కొనకు బిగించిన లగ్గు, లగ్గు మీద పళ్ల వాషర్, ఆపైన బోల్టు. బిగించాక మళ్లీ గాలి తగలకుండా చుట్టూ గ్రీజు పూశాడు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికి ఛాసిస్‌తో ఇనుప స్పర్శ లేదు. అల్లిన రాగి పట్టీ ఒకటి ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండాలి. మా జీపులో అది ఎప్పుడో తెగిపోయింది. సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు దారి వెతుక్కుంటూ యాక్సిలరేటర్ కేబుల్ గుండా పారేవి. ఆ కేబుల్ ఎందుకు మాటిమాటికీ బిగుసుకుపోయేదో బాబాయికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ కేబుళ్లు మార్చుకుంటూ వచ్చాడు పాపం.

జాయింట్లు కట్ట మధ్యలో ఒక్కటి కూడా లేవు. ప్రతి వైరూ మొదటి నుంచి చివరి దాకా ఒకే ముక్క. కొనలో లగ్గును ప్లయరుతో నొక్కి, పట్టుకుని గట్టిగా లాగి చూసేవాడు. రాకపోతేనే స్లీవు ఎక్కించి, లైటరు మంటతో దాన్ని ముడిచేవాడు. ఒకటి చేతికి వచ్చేసింది. ఏమీ అనకుండా ఆ కొన కోసేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఇనుప రేకులోంచి వైరు దూరే ప్రతి కంతకూ రబ్బరు గ్రోమెట్ వేశాడు. మా కట్ట కరిగింది కూడా గ్రోమెట్ లేని అలాంటి ఒక కంత దగ్గరేనని వేలు పెట్టి చూపించాడు. రేకు అంచు కోసి కోసి, చివరికి రాగి బయటపడి షార్ట్ అయింది.

నాలుగో రోజు సాయంత్రం బ్యాటరీ తగిలించే ముందు, వైరుకూ బ్యాటరీకీ నడుమ టెస్ట్ ల్యాంపు పెట్టాడు. అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నాయి. ల్యాంపు వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. వెలగలేదు. అప్పుడు తగిలించి, ఒక్కో స్విచ్ వేస్తూ పోయాడు. హెడ్‌లైట్లు వేసి మీటరు పెడితే బ్యాటరీకీ బల్బుకూ మధ్య తేడా 0.2 ఓల్టులు.

కట్టలో రెండు వైర్లు ఎక్కడా తగిలించకుండా వదిలేశాడు. రెండు కొనలకూ టేపు చుట్టి, చీటీ కట్టి, ముందు బంపరు నుంచి వెనక లైట్ల దాకా పడుకోబెట్టాడు. ఎందుకని అడిగాను. పదేళ్ల తర్వాత మీకు ఇంకో లైటు కావాల్సొస్తే ఈ కట్ట కొయ్యకూడదు కదా సార్ అన్నాడు. పలక మీది బొమ్మను మా బాబాయి కొడుకు నోటు పుస్తకంలోకి దించుకున్నాడు. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో జీపు డ్యాష్‌బోర్డు అరలో ఉంది. పలకను మేస్త్రి తడిగుడ్డతో తుడిచి మూలకు ఆనించాడు, వెనక ఒక ట్రాక్టరు ఆగి ఉంది.