రంతిదేవుని కరుణ - పుల్కసుని దాహం

ఏలూరులో ఒక సాహిత్య గోష్ఠిలో ఇద్దరు మిత్రుల వాదన విన్నాను. ‘అహంకారం వదులుకోండి, సర్వప్రాణుల మీదా దయ చూపండి అని మన పురాణాలు ఎప్పుడో చెప్పాయి. అభ్యుదయ రచయితలు కొత్తగా చెప్పేదేముంది?’ అన్నారొకరు. ‘ఆ దయ అంతా ఉన్నవాడు లేనివాడికి పాడిన జోలపాట’ అన్నారు రెండో ఆయన. సభ ఇద్దరికీ చప్పట్లు కొట్టింది. ఇద్దరిలో ఎవరూ పుస్తకం తెరవలేదు. తాడేపల్లిగూడెం తిరిగి వస్తూ రైల్లో అదే ఆలోచించాను. ఇది చప్పట్లతో తేలే విషయం కాదు. పద్యం ముందు పెట్టుకుని తేల్చుకోవలసిన విషయం.

అందుకు పోతన భాగవతంలో ఇద్దరు దాతలను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం.

మొదటివాడు అష్టమ స్కంధంలోని బలిచక్రవర్తి. వచ్చిన వటువు విష్ణువేనని శుక్రాచార్యుడు హెచ్చరించాడు. అయినా బలి ఇచ్చిన మాట తప్పలేదు. అది గొప్ప గుణమే. కాని అతను చెప్పుకున్న కారణాలు చూడండి. ఒకటి కీర్తి. రెండోది ఇంకా ఆసక్తికరమైనది. లక్ష్మీదేవిని లాలించిన ఆ చెయ్యి కింద ఉండి తన చెయ్యి పైన ఉండటం కన్నా ఘనత ఏముందని అతని ప్రశ్న. దానం చేస్తున్న క్షణంలో కూడా అతని చూపు ఏ చెయ్యి పైన ఉందన్న దాని మీదే ఉంది. దాత అహంకారాన్ని ఇంత సూక్ష్మంగా పట్టుకున్న పద్యం మన సాహిత్యంలో అరుదు. మూడో అడుగుకు తల వంచేదాకా బలికి ఆ చెయ్యి కిందికి దిగలేదు.

రెండోవాడు నవమ స్కంధంలోని రంతిదేవుడు. నలభైఎనిమిది రోజులు తిండీ నీళ్ళూ లేవు. కుటుంబం ఆకలితో, దప్పితో వణికిపోతూంది. నలభైతొమ్మిదో నాడు కాస్త అన్నం, పాయసం, నీళ్ళు దొరికాయి. తినబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు వచ్చాడు. తర్వాత ఒక శూద్రుడు, ఆ తర్వాత కుక్కల్ని వెంటబెట్టుకుని మరొకడు వచ్చారు. అన్నం అయిపోయింది. ఒక్కడికి సరిపడే నీళ్ళు మిగిలాయి. అప్పుడు ఒక పుల్కసుడు వచ్చి దాహమన్నాడు. సంస్కృత మూలంలో అతను తనను తానే అశుభుడినని చెప్పుకుని నీళ్ళడుగుతాడు. రంతిదేవుడు ఇచ్చేశాడు.

ఇక్కడ ఏ చెయ్యి పైన ఉందన్న ప్రసక్తే లేదు. చూసి మెచ్చుకునేవాళ్ళు కూడా లేరు. సిద్ధులూ వద్దు, మోక్షమూ వద్దు, ప్రాణుల దుఃఖం తనలోకి వస్తే చాలునని మూలంలో అతని కోరిక. ఆధ్యాత్మిక సంప్రదాయం చెప్పే అహంకార నాశం ఏ స్థాయిది అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ ఘట్టాన్నే. దీన్ని జోలపాట అనడం అన్యాయం.

పోతన ఇంకొక అడుగు కూడా వేశాడు. అతని రంతిదేవుడు ఆ పుల్కసుణ్ణి ‘అన్నా’ అని పిలిచాడు. పదిహేనో శతాబ్దంలో ఒక రాజు నోట, అంటరానివాడని దూరం పెట్టిన మనిషికి ఆ పిలుపు పెట్టడం చిన్న విషయం కాదు. కాని అదే పద్యం చివరికి వచ్చేసరికి ఆ అన్న మళ్ళీ ‘పుల్కసా’ అయ్యాడు. వరసతో మొదలైన పిలుపు కులంతో ముగిసింది. కవి కరుణ ఎంత దూరం వెళ్ళింది, అతని కాలం ఎక్కడ ఆపింది అన్న రెండు సంగతులూ ఆ ఒక్క పద్యంలోనే ఉన్నాయి.

కథ ముగింపు దీనికన్నా ముఖ్యం. ఆ అతిథులంతా రాజును పరీక్షించవచ్చిన దేవతలని తేలుతుంది. రాజుకు పరమపదం దొరుకుతుంది. మరి పుల్కసుడు? అతను మాయమైపోయాడు. ఒక మనిషి దాహం మరొక మనిషి పుణ్యానికి ప్రశ్నపత్రంగా మిగిలింది.

ఈ సంగతి నాకు చూపించినవాడు ఏ పండితుడూ కాదు. కొల్లేటి లంకల్లోని ఒక బళ్ళో పనిచేసిన రోజుల్లో ఈ ఘట్టం పాఠంగా చెప్పాను. గొంతెత్తి పద్యం పాడి, రంతిదేవుడి గొప్పతనం వర్ణించి, నా గొంతుకు నేనే మురిసిపోయాను. చివరి వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. ‘మాస్టారూ, మర్నాడు ఆ పుల్కసుడికి నీళ్ళెవరిచ్చారండి?’ అన్నాడు. ‘అతను మనిషి కాదురా, దేవుడు. కూర్చో’ అన్నాను. కూర్చున్నాడు. వేసవిలో ఆ ఊరికి చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండేది కాదు. ఆ కుర్రాడి తల్లి దోనె మీద వెళ్ళి బిందెడు మంచినీళ్ళు తెచ్చుకునేది. అహంకారం గురించి పాఠం చెబుతూ, సరైన ప్రశ్న వేసినవాణ్ణి కూర్చోబెట్టాను. ఆ జవాబు తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

‘నేను, నాది’ అన్న భావం మనసులో ఉండే జబ్బని, దాన్ని మనసులోనే నయం చేసుకోవాలని ప్రవచనకారులు చెబుతారు. కొల్లేరు చూసినవాళ్ళకు ‘నాది’ కళ్ళకు కనబడుతుంది. దానికి మట్టిగట్టు ఆకారం ఉంది. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాల పేరిట తవ్వించిన చేపల చెరువులు క్రమంగా లీజుల మీద డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లు తెగగొట్టారు. వాటిలో మళ్ళీ లేచినవీ ఉన్నాయి. గట్టు వేసినవాడు శివరాత్రికి జాగారం చేయవచ్చు, చలివేంద్రం పెట్టవచ్చు. దాని మీద తన పేరు కూడా రాయించుకోవచ్చు. మనసులో ఎంత దయ ఉన్నా గట్టు గట్టే. అహంకారానికి పునాది మనసులో ఎంత ఉందో మట్టిలోనూ అంతే ఉంది.

అంచేత రంతిదేవుడి కథను మనం పారెయ్యనక్కర్లేదు. ఆ కుర్రాడి ప్రశ్న దగ్గరనుంచి ముందుకు నడిపించాలి. చరిత్రలోనూ సాహిత్యంలోనూ అది నడిచింది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. అక్కడ ఎవరూ అశుభుడినని చెప్పుకోలేదు, దాతకోసం ఎదురుచూడలేదు. 1941లో జాషువ ‘గబ్బిలం’లో గుడి గడప తొక్కనివ్వని మనిషి తానే కావ్యనాయకుడై శివుడికి కబురు పంపాడు. పోతన కథలో మాయమైన మనిషి అయిదు వందల ఏళ్ళకు తన గొంతుతో తిరిగి వచ్చాడు. అయితే అంతటితో కథ సుఖాంతం కాలేదు. 1985 జూలైలో కారంచేడులో, తాగునీటి చెరువు మురికి చేయవద్దన్న మాట మీద మొదలైన తగవు ఆరుగురు దళితుల హత్యలకు దారితీసింది. భాగవతం పారాయణ చేసే నేలమీదే అది జరిగింది.

గోష్ఠిలో వాదించుకున్న మిత్రులిద్దరికీ నా జవాబు ఇది. మొదటి ఆయనతో అంటాను: పురాణం దయ నేర్పింది, నిజమే. దయ అవసరం ఎందుకు కలిగిందో అడగడం నేర్పలేదు. రెండో ఆయనతో అంటాను: ఆ దయను కాదంటే మనకు మిగిలేది ఒట్టి వాదన. ఆఖరి గుక్క నీళ్ళు ఇవ్వగలిగిన మనసు లేనివాడు గట్టు తెంచే పనికి మాత్రం ఎంతకాలం నిలబడతాడు?

మన కవులూ కథకులూ కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పేదవాడి దాహం గురించి రాసి, ఆ రచన గొప్పతనాన్ని చూసి మురిసిపోతే మనమూ బలిచక్రవర్తులమే. కలం పట్టిన చెయ్యి పైన ఉందని అనిపించినప్పుడల్లా, ఆ మనిషి మర్నాడు ఏం తాగుతాడో మన రచనలో ఉందా అని చూసుకోవాలి.

ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఈ వ్యాసం అతనికి ఆనాడు నేను చెప్పవలసిన జవాబు.