అతుకు ఎక్కడుందో చూడాలి

యాక్సిడెంటు అయిన బండి అని తెలిసీ కొనవచ్చా? మా అన్నయ్య కొడుకు అడిగిన ప్రశ్న ఇది. విశాఖ గాజువాకలో ఉంటాడు, స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. వాడు మనసు పడింది రెండో తరం ఆడి టీటీ మీద. రెండు తలుపులు, వెనక్కి జారే పైకప్పు, నేలను పట్టుకుని పరిగెత్తే నడక. కొత్తదై ఉంటే వాడి జీతానికి అందేది కాదు. పాతది, పైగా దెబ్బ తిన్నది కాబట్టే ఆశపడే ధరకు దిగింది. అమ్మే ఆయన ఏమీ దాచలేదు. హైవే మీద డివైడర్‌కి కుడి ముందువైపు తగిలింది, ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నాయి, బాగు చేయించాను, అదంతా లెక్కలోకి తీసుకునే ఈ ధర చెప్తున్నాను అన్నారు. "ఏటంటావు బాబాయ్?" అని వీడు.

ఈ ప్రశ్నకు మన ఊళ్ళో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు దెబ్బ తిన్న బండి మన గుమ్మం ముందుకు వద్దంటారు. బ్రోకరు మైనర్ టచింగ్ సార్, ఏ బండికి లేదు చెప్పండి అంటాడు. ఆసీలుమెట్టలో సంపత్ వినాయకుడి గుడి ముందు పూజ కోసం వరస కట్టే బండ్లలో కొత్తవే కాదు, చేతులు మారినవీ ఉంటాయి. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. చక్రం కింద నిమ్మకాయ పెట్టి కదిలించే ఆ క్షణంలో నడిపేవాడికి ఒక జాగ్రత్త పుడుతుంది. కానీ పెద్దవాళ్ళ మాటా, బ్రోకరు మాటా యాక్సిడెంటు దగ్గరే ఆగిపోతాయి. కొనేవాడు తెలుసుకోవలసింది ఆ తర్వాత ఏం జరిగిందని. దెబ్బ తగిలిన రోజు ఎప్పుడో గడిచిపోయింది. మనం డబ్బు పోసి ఇంటికి తెచ్చుకునేది ఆ రిపేరుని.

ఈ సంగతి రేవు ఉన్న ఊరివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఓడలకు దెబ్బలు తగులుతూనే ఉంటాయి. జెట్టీకి కొట్టుకుంటాయి, ఇసుకలో కూరుకుంటాయి. డ్రైడాక్‌లోకి తెచ్చి, వంగిన ప్లేటు కోసి, కొత్తది వేస్తారు. క్లాస్ సర్వేయరు వచ్చి వెల్డింగు పరీక్షలు చూసి, ఏ ప్లేటు ఎప్పుడు మార్చారో రికార్డులో ఎక్కిస్తాడు. ఆ ఓడ మళ్ళీ సముద్రం మీదికి వెళ్తుంది. దానికి బీమా దొరుకుతుంది, అవసరమైతే అమ్ముడూ పోతుంది. కొనేవాడు ముందు అడిగేది ఆ రికార్డునే. ఒకసారి దెబ్బ తిన్నంత మాత్రాన ఓడను పనికిరానిదని ఎవరూ అనరు.

కారుకి అలాంటి పుస్తకం మన దేశంలో లేదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో యజమానో, ఫైనాన్సు ఉందో లేదో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. యాక్సిడెంటు సంగతి అందులో కనపడదు. దాన్ని మనమే పోగుచేసుకోవాలి. నేను ముందు అడిగేది పాత ఇన్సూరెన్సు పాలసీలన్నీ. క్లెయిమ్ లేని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా 50 దాకా ఎక్కుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ ఒక ఏడాది సున్నాకి పడిందంటే ఆ ముందు ఏడాది క్లెయిమ్ జరిగి ఉండవచ్చు. బోనస్ కాపాడే యాడ్‌ఆన్ తీసుకున్నవాళ్ళ కాగితాల్లో ఇది బయటపడదు, జేబులో డబ్బు పెట్టి చేయించుకున్న రిపేరూ బయటపడదు. అందుకని షోరూం సర్వీసు రికార్డు, క్లెయిమ్ నాటి బిల్లు కూడా అడగాలి. ఆ బిల్లులో మొత్తం ఎంత అన్నదాని కంటే ఏ భాగాలు రాశారు, ఏవి రాయలేదు అన్నది చూడాలి. రిపేరు ఖర్చు బండి ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద తీసుకుంటుంది. బిల్లు ఆ గీత దాటకూడదని అనుకున్నప్పుడు, కొత్త భాగం వేయవలసిన చోట పాతదాన్నే సాగదీసి సరిపెట్టాలన్న ఒత్తిడి షెడ్డు మీద పడుతుంది.

టోటల్ లాస్ అయిన బండ్లు కూడా వేలంలో పోయి, బాగుపడి, మళ్ళీ రోడ్డెక్కుతాయి. 2015 చెన్నై వరదల్లో మునిగిన కార్లు అలాగే చేతులు మారాయి. వేరే రాష్ట్రం నుంచి ఎన్‌వోసీతో వచ్చి ఏపీ 39 నంబరు వేసుకున్న బండి అయితే నేను మరికొంచెం సేపు ఆగి చూస్తాను. హుద్‌హుద్ తుపాను రోజులు గుర్తున్నవాళ్ళకు ఇంకో జాగ్రత్త తెలుసు. 2014 అక్టోబరు 12 తర్వాత చెట్లు పడి పైకప్పు నొక్కుకుపోయిన కార్లు నగరమంతా కనిపించాయి. పైకప్పు మార్చాలంటే పిల్లర్ల దగ్గర కోయాలి. గుద్దుకున్న దెబ్బ కాదు కాబట్టి అలాంటి బండిని నాన్ యాక్సిడెంటల్ అనే చెప్పి అమ్ముతారు.

కాగితాల తర్వాత కళ్ళకు పని. అద్దం మూల చెక్కిన తేదీ గుర్తు మిగతా అద్దాలతో కలుస్తుందా? రెండు హెడ్‌లైట్ల స్టిక్కర్లు ఒకే కాలానివా? సీటుబెల్టును చివరిదాకా లాగితే కింద ఒక చీటీ ఉంటుంది. ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్న బండిలో ఆ బెల్టు కొత్తదై ఉండాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కాసేపటికి తనంతట తాను ఆరాలి. కొందరు దాన్ని పక్క దీపం వైరుకి కలిపేస్తారు, అప్పుడది పక్కదానితో పాటే ఆరుతుంది. స్కానరు పెడితే ఆ గుట్టు బయటపడుతుంది. ఈ టీటీ ఇక్కడిదాకా అన్నీ నెగ్గింది. బెల్టులు కొత్తవి, ఎయిర్‌బ్యాగులకు బిల్లు ఉంది.

తర్వాత రంగు. ఓడల పెయింటింగు తనిఖీలో పనిచేసి రిటైరైన మిత్రుడొకరు రంగు మందం కొలిచే ఎల్కోమీటరు పట్టుకుని వచ్చారు. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మళ్ళీ రంగు వేస్తే దానికి రెట్టింపు, లోపల లప్పం పెట్టి ఉంటే వెయ్యి కూడా దాటుతుంది. మావాడు అప్పటికే అయస్కాంతం తెచ్చి బానెట్‌కు పెట్టి చూశాడు. అంటుకోలేదు. మొత్తం లప్పమే అనుకుని బెంగపడ్డాడు. అసలు సంగతి వేరు. 2006లో వచ్చిన ఈ తరం టీటీ బాడీలో 69 శాతం అల్యూమినియం, మిగిలింది ఉక్కు. బరువు ముందుకు తూగకుండా వెనక నేల, తలుపులు, డిక్కీ మూత ఉక్కుతో చేసి, మిగతాదంతా అల్యూమినియంతో కట్టారు. ఓడల మీద వాడే ఎక్కువ మీటర్లు ఉక్కుని మాత్రమే చదువుతాయి. మా మిత్రుడి దగ్గర రెండు రకాల ప్రోబులూ ఉండటం మా అదృష్టం. కుడి ఫెండరు మీద రెట్టింపు మందం వచ్చింది. గుద్దుకున్న చోట కొత్త రంగు ఉండటంలో తప్పేమీ లేదు.

ఇలాంటి కారుని బాగు చేయడం వేరే విద్య. మన స్టీల్‌ప్లాంటు కారు రేకు చేయదు. కడ్డీలు, వైర్ రాడ్, యాంగిళ్ళు, ఛానళ్ళు చేస్తుంది. అయినా మావాడికి నేను చెప్పాలనుకున్నది ఆ కడ్డీతోనే సులువుగా అందింది. టీఎంటీ కడ్డీకి బలం నీళ్ళతో ఒక్కసారిగా చల్లార్చడం వల్ల వస్తుంది. సైటులో దాన్ని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచితే ఆ బలం పోతుంది, చూడ్డానికి మాత్రం అదే కడ్డీ. కారు చాసిస్‌లో వాడే గట్టి ఉక్కు సంగతీ అంతే. అల్యూమినియం ఇంకా కష్టపెడుతుంది. ఉక్కు కాలితే ఎర్రబడుతుంది. టింకరింగ్ మేస్త్రీ ఆ రంగు చూసే ఎంత కాల్చాలో తెలుసుకుంటాడు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోయేదాకా ఎర్రబడదు, ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వదు. వెల్డింగు చేసిన చోట చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. అందుకే కంపెనీ చాలా అతుకులు రివెట్లతో, జిగురుతో వేస్తుంది. అల్యూమినియం పని చేసే చోటును ఉక్కు పనికి దూరంగా, పనిముట్లతో సహా వేరు చేసి ఉంచుతారు. ఉక్కు రజను అల్యూమినియంలో దిగితే అక్కడి నుంచే తినడం మొదలవుతుంది.

పైగా మనది సముద్రపు ఒడ్డు. ఉక్కు, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉండి, వాటి మధ్య ఉప్పుతేమ చేరితే చాలు, ముందు అల్యూమినియం కరుగుతుంది. ఓడల వాళ్ళకు ఇది పాత పాఠం. ఉక్కు అడుగును కాపాడటానికి జింకు దిమ్మలు బిగిస్తారు, సముద్రం ముందు వాటిని తింటుంది. అల్యూమినియం పైకట్టును ఉక్కు డెక్ మీద నిలపాలంటే రెండు లోహాలూ అతికించి చేసిన ప్రత్యేకమైన పట్టీ మధ్యలో వేస్తారు. ఫ్యాక్టరీలో కారు కట్టినప్పుడు ఆ రెండింటి మధ్య జిగురు, పూత అడ్డం ఉంటాయి. దెబ్బ తగిలి, ఎవరో విప్పి, మళ్ళీ కలిపినప్పుడు ఆ అడ్డం ఉందా లేదా అన్నదే ఈ ఊళ్ళో బండి ఆయుష్షును తేలుస్తుంది. హైదరాబాదులో పదేళ్ళు దాగే తప్పు, బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంటు కింద అంతకాలం దాగదు.

ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళి లిఫ్టు ఎక్కించాం. చక్రం విప్పించి, లోపలి ప్లాస్టిక్ లైనరు తీయించాం. "పైన సూస్తే ఏటి తెలుస్తది బాబూ, ఇక్కడ సూడండి" అని మేస్త్రీ లైటు పట్టాడు. ఎడమవైపు ఫ్యాక్టరీ పని అలాగే ఉంది. రివెట్లు ఒకే ఎడంలో, సీలెంటు ఒకే వెడల్పులో. కుడివైపు ముందు చాసిస్ లెగ్ సాగదీసి నిలబెట్టినది. మడత పడ్డ చోట అడ్డంగా వెల్డింగు గాటు, వేలితో పూసిన సీలెంటు. రివెట్లు ఉండవలసిన రెండు చోట్ల మామూలు ఇనుప బోల్టులు, వాటి చుట్టూ తెల్లటి పొడి. అల్యూమినియం అప్పటికే కరుగుతోంది. అప్పుడు బిల్లు మళ్ళీ తీసి చూశాం. హెడ్‌లైటు, బంపరు, రేడియేటరు, ఫెండరు, ఎయిర్‌బ్యాగులు, అన్నీ ఉన్నాయి. చాసిస్ లెగ్ లేదు.

"అలైన్‌మెంటు రిపోర్టు బాగుంది కదా బాబాయ్" అన్నాడు వాడు. అలైన్‌మెంటు చక్రాలు తిన్నగా ఉన్నాయనే చెప్తుంది. ఆ లెగ్ పని చక్రాన్ని తిన్నగా ఉంచడం ఒక్కటే కాదు. గుద్దుకున్నప్పుడు ఒక వరసలో మడతపడి, ఆ దెబ్బ లోపలి మనిషి దాకా రాకుండా తాను తినాలి. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు విచ్చుకోవాలన్న లెక్క కూడా ఆ మడత మీద ఆధారపడి వేసిందే. ఒకసారి మడతపడి, లాగి, వెల్డింగు చేసిన ముక్క రెండోసారి ఎక్కడ మడతపడుతుందో ఎవరూ చెప్పలేరు. భీమిలి రోడ్డులో తెల్లవారుజామున పరిగెత్తించడానికే ఆ కారు కొంటారని నాకు తెలుసు, వాడికీ తెలుసు. మెల్లగా నడుపుతానని నాకు మాటివ్వబోయాడు. మెల్లగా నడపడానికి దాన్ని కొనక్కర్లేదు కదా నాన్నా అన్నాను.

దెబ్బ బోల్టు విప్పితే వచ్చే భాగాల దగ్గరే ఆగి ఉంటే, బంపరు, దాని వెనక బీము, ఫెండరు, రేడియేటరు, ఇంతవరకే అయితే, కొనమని నేనే చెప్పేవాణ్ణి. చాసిస్ లెగ్ దెబ్బ తిన్నా సరే, పార్టు నంబరుతో కొత్తది తెప్పించి, జిగ్ మీద కూర్చోబెట్టి, రివెట్లతో, జిగురుతో వేసిన బిల్లు ఉంటే కూడా కొనమనేవాణ్ణి. అలాంటి బండికి జనం భయపడటం కొనేవాడికి లాభం. ఈ బండికి ఆ పని మళ్ళీ మొదటి నుంచీ చేయించాలి. అల్యూమినియం పని ఏర్పాటున్న షాపుకి బండిని లారీ మీద పంపాలి. కలిసొచ్చిన ధరంతా అక్కడే పోతుంది.

అమ్మే ఆయన మా పక్కనే నిలబడి అంతా విన్నారు. బిల్లు కట్టానుగానీ బండి కిందకి వంగి ఎప్పుడూ చూడలేదన్నారు. ఆయన గొంతులో నొప్పి నిజమైనది. ఇన్నాళ్ళూ ఆయన పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన బండి అది. లిఫ్టు కింద తీసిన ఫొటోలు పంపమని ఆయనే అడిగారు. తర్వాత ఎవరు చూడటానికొచ్చినా ముందు అవే చూపించి, ఆ తర్వాతే ధర మాట్లాడతానన్నారు. మావాడు ఇంకో టీటీ కోసం వెతుకుతున్నాడు. ఈసారి బండి చూడటానికి వెళ్ళకముందే పాత పాలసీల కాపీలు పంపమంటున్నాడు.