అభిమానం, ఋణానుబంధం

తెలుగులో 'అభిమానం' అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. సంస్కృతంలో ఆ పదానికి గర్వమనీ, 'నేను, నాది' అనే భావమనీ అర్థాలు ప్రసిద్ధం. మనం దానినే ప్రీతి, ఆదరం అన్న అర్థంలోనూ వాడుతున్నాం. ఆత్మాభిమానం, దురభిమానం, భాషాభిమానం, అభిమాన నటుడు – అన్నిటికీ మూలం ఒకే పదం. ఒక కళాకారుణ్ణి ముప్ఫై ఏళ్లపాటు విడువక అనుసరించిన శ్రోత మనస్సులో ఈ రెండర్థాలూ ఏకకాలంలో పనిచేస్తాయి. అతడు ప్రేమిస్తున్నది కళనా, లేక ఆ కళను తొలిసారి విన్ననాటి తన యౌవనాన్నా? మన ఆలంకారికులు సహృదయుణ్ణి సూక్ష్మంగా నిర్వచించారు. ఆధునిక విమర్శ పాఠకుడి పాత్రను పరిశీలించింది. అభిమానిని మాత్రం మన విమర్శ చాలావరకు సినిమా హాళ్ల వాకిట్లోనే వదిలివేసింది. అతడి అనురక్తి కళానుభవంలో భాగమా, కళానుభవానికి అడ్డంకా అన్న ప్రశ్న విచారణార్హమైనది.

ఈ విచారణకు అమెరికా రాక్ సంగీత చరిత్రలోని 'గ్రేట్‌ఫుల్ డెడ్' బృందాన్నీ, 'డెడ్‌హెడ్స్' అని పేరుబడ్డ దాని అభిమానులనూ ఉదాహరణగా తీసుకోవచ్చు. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఏర్పడిన ఈ బృందంలో జెర్రీ గార్సియా, బాబ్ వేయర్, ఫిల్ లెష్, రాన్ మెకర్నన్, బిల్ క్రాయిట్జ్‌మన్ తొలి సభ్యులు. రెండేళ్ల తరువాత మికీ హార్ట్ రెండవ డ్రమ్ వాద్యకారుడుగా చేరాడు. 1995 వరకు, అంటే మూడు దశాబ్దాల కాలంలో, వీరు సుమారు 2,300 కచేరీలు చేశారు.

బృందం పేరు గార్సియాకు ఒక నిఘంటువులో తటస్థపడింది. అది యూరప్, ఆసియా ఖండాల జానపద కథల్లో కనిపించే ఒక ప్రాచీన కథాంశానికి పేరు. ప్రయాణంలో ఉన్న ఒక యువకుడు, అప్పు తీర్చకుండా చనిపోయినందువల్ల అంత్యక్రియలు నిరాకరింపబడిన ఒక అపరిచితుడి శవాన్ని చూస్తాడు. తన వద్దనున్న ధనంతో ఆ అప్పు తీర్చి, దహనమో ఖననమో జరిపించి ముందుకు సాగుతాడు. తరువాత దారిలో అతడికొక తోడు దొరుకుతాడు, ఆపదలన్నిటినీ గట్టెక్కిస్తాడు. ఆ తోడు వచ్చినవాడు తాను అంత్యక్రియలు చేయించిన మృతుడేనని అతడికి చివరికి తెలుస్తుంది. 'ఋణానుబంధం' అన్న మాట తెలిసిన మనకు ఈ కథ పరాయిది కాదు. అభిమానికీ కళాకారుడికీ మధ్యనున్న సంబంధానికి ఇంతకంటె తగిన ఉపమానం దొరకడం కష్టం.

1971లో వెలువడిన తమ జంట ఎల్.పి. రికార్డు లోపలి అట్టమీద ఈ బృందం ఒక విజ్ఞప్తి అచ్చువేసింది: వినేవారు ఎవరో, ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో రాసి పంపవలసిందని. ఉత్తరాలు వచ్చాయి, చిరునామాల పట్టిక తయారైంది, ఆ పట్టికలోని వారికి వార్తాలేఖలు వెళ్లాయి. 1983 నుండి టిక్కెట్లలో కొంతభాగాన్ని బృందమే నేరుగా తపాలాద్వారా అభిమానులకు అమ్మింది. రికార్డు కంపెనీనీ, టిక్కెట్ల దళారినీ పక్కకు తప్పించి శ్రోతతో నేరుగా మాట్లాడిన ఈ పద్ధతి ఆ వ్యాపారంలో అపురూపం.

అయితే అభిమానులను కట్టిపడవేసింది ఉత్తరాలు కావు, సంగీతం. ఈ రాత్రి పాడిన పాటల వరుస మరునాటి రాత్రి ఉండదు. ఉన్న పాట కూడా నిన్నటి పాట కాదు. 'డార్క్ స్టార్' అన్న కృతి 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాల లోపే ముగిసింది. మరుసటి సంవత్సరం 'లైవ్/డెడ్' అన్న ఎల్.పి.లో అదే కృతి ఇరవైమూడు నిమిషాలు విస్తరించింది. మన సంగీతంలో మనోధర్మమని వ్యవహరించేదానికి ఇది దూరపు చుట్టం. మధ్యలో నిజమైన బాంధవ్యం కూడా లేకపోలేదు. మికీ హార్ట్ 1960ల చివరలో ఉస్తాద్ అల్లా రఖా వద్ద లయశాస్త్రపు మెలకువలు గ్రహించాడు. 1976లో జాకిర్ హుస్సేన్‌తో కలిసి 'దిగా రిథమ్ బ్యాండ్' రికార్డు వెలువరించాడు. 1991 నాటి 'ప్లానెట్ డ్రమ్'లో జాకిర్‌తో పాటు ఘటవాద్య విద్వాంసుడు టి. హెచ్. వినాయకరామ్ కూడా పాల్గొన్నారు.

మన పద్యనాటకాల ప్రేక్షకుడు 'వన్స్ మోర్' అని కేకవేసి విన్న పద్యాన్నే మళ్లీ పాడించుకునేవాడు. ఆ రాగాలాపన మరొకసారి చెవిన పడాలన్నదే అతడి కోరిక. డెడ్‌హెడ్ కోరినది దీనికి భిన్నం. నిన్న విన్నది ఈరోజు వినబడకూడదనే అతడు వందల మైళ్లు ప్రయాణించాడు. ఫలితంగా ఒక చిత్రమైన విమర్శ పుట్టింది. ఒకే పాట 1969లో ఎలా ఉంది, 1972లో ఎక్కడ మలుపు తిరిగింది, 1977లో ఏ తాళగతిలో నడిచింది, 1989లో ఏది మరచిపోయి ఏది కనుగొంది అని వీరు రాత్రివారీగా పోల్చి చూశారు. పాఠాంతరాల పరిశీలనలో ప్రాచ్యలిఖిత పుస్తకాలయాల పండితులు చూపే శ్రద్ధ ఇక్కడ పట్టభద్రులు కాని యువకుల్లో కనిపిస్తుంది. 1989 వేసవిలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు గ్రీన్స్‌బరో శాఖకు చెందిన సామాజికశాస్త్రవేత్త రెబెకా ఆడమ్స్ తన విద్యార్థులను ఈ కచేరీల వెంట తీసుకువెళ్లి క్షేత్రపరిశోధన చేయించారు.

ఈ పోలికకు ఆధారం టేపు. కచేరీలను సభలో కూర్చుని ధ్వనిముద్రణ చేసుకునే శ్రోతలను తక్కిన బృందాలు దొంగలుగా చూస్తున్న రోజుల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ మొదట చూసీచూడనట్లు ఊరుకుంది. 1984 అక్టోబరులో వారికి సభలో ప్రత్యేక స్థలమే కేటాయించింది. షరతు ఒక్కటే: టేపులు ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మకూడదు. ఖాళీ కేసెట్టూ, తిరుగు తపాలా బిళ్లలూ పంపితే ముఖపరిచయం లేని వ్యక్తికి కూడా ప్రతి చేసి పంపడం వారి మర్యాద అయింది. ఋణం ధనరూపంలో తీరకూడదనీ, మరొకరికి ఇవ్వడం ద్వారానే తీరాలనీ అన్న ధర్మాన్ని వారు తమకు తెలియకుండానే పాటించారు.

సమూహంలోని బలహీనులను గుర్తుపెట్టుకున్న తీరు కూడా ప్రస్తావించదగినదే. మాదకద్రవ్యాల వాసన కమ్ముకున్న ఆ సభల్లోనే, వాటిని విడిచిపెట్టదలచిన అభిమానులు 'వార్ఫ్ ర్యాట్స్' అన్న పేరుతో సంఘటితులై విరామ సమయంలో పసుపుపచ్చ బెలూన్ల కింద కలుసుకునేవారు. బధిరులైన అభిమానులు బెలూన్లను అరచేతుల మధ్య పట్టుకుని వాటి కంపనం ద్వారా సంగీతాన్ని గ్రహించేవారు. పాటల భావాన్ని సంజ్ఞాభాషలో చెప్పేవారు వారికి తోడుండేవారు. శ్రవణమే లేనివారు శ్రోతలు కావడం కంటె అభిమానానికి గొప్ప నిదర్శనం ఉంటుందా?

ఇంతవరకు చెప్పినది ఒక పార్శ్వం. ఇక్కడితో ఆగితే అది స్తుతి అవుతుందే గాని విమర్శ కాదు.

అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో 'నిజసుఖాది వివశీభావం' ఒకటి – తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉన్నవాడికి ఎదుటనున్న కళ అందదని దాని సారాంశం. ఈ విఘ్నాన్ని తొలగించడానికే నాట్యంలో గీతవాద్యాలు ఏర్పడ్డాయని కూడా ఆయన అన్నాడు. దీర్ఘకాలపు అభిమాని విషయంలో ఈ చికిత్సే తారుమారవుతుంది. గీతమే అతడి సొంత సుఖదుఃఖాలను తట్టిలేపుతుంది. వేదికమీద వృద్ధుడవుతున్న గాయకుడు ఒక చరణం మరచిపోతే, ఆ చరణాన్ని అభిమాని తన స్మృతిలోనుండి పూరించుకుంటాడు. అప్పుడతడు వింటున్నది ఎదుటి పాటను కాదు, ఇరవైయేళ్లనాటి తనను.

గార్సియా చివరి సంవత్సరాలు ఈ సత్యానికి సాక్ష్యం. 1986లో మధుమేహ కారణంగా అతడు స్పృహ కోల్పోయి, కోలుకున్న తరువాత గిటారు వాదనాన్ని మళ్లీ సాధన చేయవలసి వచ్చింది. 1987లో 'టచ్ ఆఫ్ గ్రే' అన్న పాట అమెరికా జనాదరణ పట్టికలో మొదటి పది స్థానాల్లోకి ఎక్కింది. ఇరవైరెండేళ్లుగా రాని విజయం వచ్చింది. దానితో పాటు కొత్త జనం వచ్చారు. సభాస్థలాలు క్రీడాప్రాంగణాలయ్యాయి. టిక్కెట్టు లేనివారు బయటి స్థలంలోనే సంత నడిపారు. బృందం మీద ఆధారపడిన ఉద్యోగులూ కుటుంబాలూ పెరిగాయి. పర్యటన ఆపితే ఎందరికో జీతాలు ఆగుతాయి. 1992లో గార్సియా ఆరోగ్యం మళ్లీ దెబ్బతిన్నది. అయినా కచేరీలు సాగాయి, అభిమానులు వచ్చారు. చివరి రెండు మూడేళ్ల టేపుల్లో తడబడిన పదాలు, తప్పిన స్వరాలు, అలసిన కంఠం స్పష్టంగా వినిపిస్తాయి. కొందరు నిజాయితీగా ఆ మాట అన్నారు. ఎక్కువమంది చప్పట్లు కొట్టారు. ప్రేమతో కొట్టిన ఆ చప్పట్లే ఒక రోగికి విశ్రాంతి దొరకకుండా చేశాయా అన్నది అభిమాని తన్ను తాను అడుగుకోవలసిన ప్రశ్న.

1995 జూలై 2న ఇండియానా రాష్ట్రంలోని డీర్ క్రీక్ ప్రాంగణం వద్ద టిక్కెట్టు లేని వేలాదిమంది కంచె కూల్చి లోపలికి చొరబడ్డారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. లోపలివారిలో కొందరు చొరబడేవారిని కేరింతలతో ప్రోత్సహించారు. మరునాటి కచేరీ రద్దయింది. సభ్యులు అభిమానులకు బహిరంగ లేఖ రాస్తూ, ఈ ప్రవర్తన మారకపోతే పర్యటనలకే ముగింపు వస్తుందని హెచ్చరించారు. జూలై 9న షికాగోలో వారి ఆఖరి కచేరీ జరిగింది. ఆగస్టు 9న, వ్యసనవిముక్తి కోసం చేరిన చికిత్సాలయంలో, తన 53వ ఏట గార్సియా మరణించాడు. ఆ డిసెంబరులో బృందం ఆ పేరుతో ఇక కొనసాగబోదని ప్రకటించింది. ఆ మరణానికి అభిమానులే కారణమనడం అన్యాయం. వారికి ఏ సంబంధమూ లేదనడం అసత్యం. 'నాది' అన్న భావం కంచెను కూల్చింది. అభిమానమన్న పదంలోని మొదటి అర్థం రెండవ అర్థాన్ని మింగివేసిన సందర్భమది.

మరి రెండవ అర్థం ఎక్కడ మిగిలింది? మృతుడి అప్పు తీర్చినవారు ఎవరు?

బృందపు ధ్వనిముద్రణ శాఖలో పనిచేసిన బెట్టీ కాంటర్-జాక్సన్ 1970లలో చేసిన టేపులు ఒక అద్దె గిడ్డంగిలో ఉండిపోయాయి. బాడుగ చెల్లించలేనందువల్ల 1980ల మధ్యలో అవి వేలానికి పోయాయి. వాటిలో చాలా టేపులను బాగుచేసి, ప్రతులు తీసి, దేశమంతటా పంచినవారు అభిమానులే. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాలులో జరిగిన కచేరీ అలా బతికి బయటపడినదే. 2011 సంవత్సరానికి గాను ఆ ధ్వనిముద్రణను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చింది. అధికారికంగా అది విడుదలైనది 2017లో. అప్పటికి నలభై ఏళ్లు గడిచాయి. అంతకాలమూ దానిని కాపాడినది కంపెనీ కాదు, ప్రభుత్వమూ కాదు. 2008లో బృందం తన పత్రసంచయాన్ని శాంతాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. అభిమానులు పంపిన ఉత్తరాలు, అలంకరించిన కవర్లు కూడా అందులో భద్రంగా ఉన్నాయి.

ఈ వారసత్వం తగాదా లేకుండా సాగలేదు. 2005 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ అన్న అంతర్జాల భాండాగారం నుండి ఈ కచేరీల ప్రతులు తీసుకునే వీలు తొలగినప్పుడు అభిమానులు తీవ్రంగా నిరసించారు. శ్రోతలు చేసిన ముద్రణలను ప్రతి తీసుకోవచ్చుననీ, బృందపు సొంత యంత్రాలనుండి వచ్చినవాటిని వినడం వరకే అనుమతి ఉంటుందనీ చివరకు రాజీ కుదిరింది. ఎవరిది ఏది అన్న ప్రశ్నకు ఇది న్యాయమైన సమాధానమే.

టిక్కెట్ల ధనం చేరిన మరొక దిక్కును కూడా చెప్పాలి. నేపాల్, భారతదేశాల్లో అంధత్వ నివారణకు పనిచేసిన సేవా ఫౌండేషన్ 1978లో ఏర్పడినప్పుడు, దాని తొలినాళ్ల సహచరుల్లో మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వ్యవస్థాపకులు డాక్టర్ జి. వెంకటస్వామి ఒకరు. ఆ సంస్థకు గ్రేట్‌ఫుల్ డెడ్ సహాయార్థ కచేరీలు చేసింది. కాలిఫోర్నియాలో పాట విన్నవాడి డబ్బు హిమాలయ గ్రామంలోని ముదుసలి కంటికి వెలుగు కావడం జానపద కథలోని ఋణానుబంధానికి ఏమాత్రమూ తీసిపోదు.

మనకిందులో గ్రహించవలసినది లేకపోలేదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో ఎందరో రసికులు త్యాగరాజ ఆరాధనల్లో, శ్రీరామనవమి పందిళ్లలో ముద్రించుకున్న స్పూలు టేపులూ కేసెట్లూ ఈనాటికీ బీరువాల్లో ఉన్నాయి. వాటిపై తేదీ ఉంటే రాగం పేరుండదు, రాగముంటే మృదంగ విద్వాంసుడి పేరుండదు. సేకరించినవారు గతించగానే బూజుపట్టిన టేపు పాతసామాన్ల బండికి చేరుతుంది. ఆకాశవాణి, అకాడమీలు భద్రపరచినవి అధికారిక స్మృతి. ఈ టేపుల్లో ఉన్నది ప్రజల స్మృతి. వాటిని సేకరించే సంస్థకు కావలసినది నిధులొక్కటే కాదు, అభిమానిని అనుమానించని చూపు.

అభిమానికి విమర్శ మూడు కర్తవ్యాలను నిర్దేశించవచ్చు: చెడ్డ రాత్రిని చెడ్డదని చెప్పడం, కళాకారుడి విశ్రాంతిని తన ఆకలికంటె మిన్నగా ఎంచడం, విన్నదాన్ని విననివాడికి అందజేయడం. కథలోని యువకుడు శవం ఎవరిదని అడగలేదు, తనదని చెప్పుకోలేదు. అప్పు తీర్చి, తన దారిన తాను నడిచాడు. తోడు తరువాత వచ్చింది.