తప్పినోళ్ల పని కాదు మగ్గం

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మా చేనేత వాడల్లో ఇంటింటా ఒక మాట వినపడుతుంది. "వానికి సదువు అబ్బలే, మగ్గం మీద కూసోబెట్టుండ్రి." మేనమామ అంటాడు, పక్కింటాయన అంటాడు, ఒక్కోసారి పాఠం చెప్పిన సారే అంటాడు. పిల్లవాడు తల వంచుకుని వింటాడు. ఏళ్ల తరబడి అదే మగ్గం మీద కూర్చున్న వాళ్ల నాన్న కూడా వింటాడు. ఒక్క మాట ఇద్దరినీ చిన్నబుచ్చుతుంది. నాకు కోపం తెప్పించేది అదే.

చదువు రానివాడికి మగ్గం వస్తుందని ఎవరు చెప్పారు? పోచంపల్లి చీరకు పేక ఎలా తయారవుతుందో దగ్గరుండి చూడండి. గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి గీసుకున్న డిజైన్ ప్రకారం ఆసు పోసిన నూలు మీద గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోట, సైకిల్ ట్యూబును సన్నగా చీల్చిన రబ్బరు పట్టీ చుట్టి బిగిస్తారు. దాన్నే చిటికి కట్టడం అంటారు. పట్టు కాస్త వదిలితే రంగు లోపలికి పాకి గీత చెదిరిపోతుంది. ముందు లేత రంగు, తర్వాత ముదురు రంగు. ఒక అద్దకం అయ్యాక కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి మళ్లీ ముంచుతారు. ఆరిన నూలును కండెలకు చుట్టి వరస తప్పకుండా పేర్చుకోవాలి. ఆ వరస తారుమారైతే ఏనుగు తొండం ఒకచోట, కాళ్లు ఇంకోచోట పడతాయి. నేసేటప్పుడు పోగు పోగుకీ అంచు దగ్గర వేలితో సర్దుతూ బొమ్మ కలపాలి. చీర పుట్టకముందే దాని బొమ్మంతా విడి పోగుల్లో కనపడాలి. నేను డిగ్రీ దాకా చదివాను. ఇంత కష్టమైన జ్యామితి నాకు ఏ తరగతిలోనూ ఎదురవలేదు.

ఇక చిటికి కట్టకముందు నూలును సిద్ధం చేసే ఆసు. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరస మేకులు. వాటి మధ్య నూలును అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు తిరగాలి. ఎక్కువగా ఆడవాళ్లదే ఆ పని. మా అమ్మ రాత్రి పడుకునేముందు కుడి భుజానికి నూనె రాయమని పిలిచేది. నేను పక్కన కండెలు చుడుతూ ఎక్కాలు చదువుకునేవాణ్ణి.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం చూసిందీ అలాంటి భుజం నొప్పినే. ఆయన ఆరో తరగతితో బడి మానేసి నేతలోకి వచ్చారు. 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టి 1999లో పూర్తి చేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కథ చెప్పి "చూసిండ్రా, బడితో పనేముంది" అనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. నాకు మాత్రం ఆ ఏడేళ్లే కనపడతాయి. మోటారు ఎలా తిరుగుతుందో, ఒక కదలికను ఇంకో కదలికగా ఎలా మార్చాలో ఆయన అప్పులు చేసి, పుస్తకాలు వెతికి, హైదరాబాదులో పనిచేసుకుంటూ ఒక్కొక్కటిగా నేర్చుకున్నారు. నొప్పి ఎక్కడుందో మగ్గం ఉన్న ఇల్లు చెప్పింది. మందు వెతుక్కునే దారి చూపాల్సింది బడి. ఆ బడి అందలేదు గనకే ఏడేళ్లు పట్టిందని నా నమ్మకం. పదో తరగతి కూడా ఆయన తర్వాత ప్రైవేటుగా కట్టి పాసయ్యారు.

అలాగని బడి పిల్లలకు వాళ్ల కులవృత్తే నేర్పించమంటే నేను ఒప్పుకోను. 1953లో మద్రాసు రాష్ట్రంలో అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ ఆ పనే చేశారు. పల్లెటూరి ప్రాథమిక బడి రోజుకు మూడు గంటలే, మిగతా పొద్దు పిల్లలు అమ్మానాన్నల వృత్తి నేర్చుకోవాలన్నారు. చాకలి కొడుకు చాకిరేవుకే, మంగలి కొడుకు కత్తికే పోవాలా అని జనం తిరగబడ్డారు. మరుసటి ఏడు కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని ఎత్తేశారు. తిరగబడ్డవాళ్లదే న్యాయం. పుట్టిన ఇల్లు చూసి పని అంటగట్టడం విద్య కాదు.

నేను అడిగేది వేరు. చేతిపని అందరు పిల్లలకీ రావాలి. బ్యాంకు మేనేజరు కూతురు చిటికి కట్టాలి, నేతన్న కొడుకు రంపం పట్టాలి, కమ్మరి మనవరాలు కరెంటు వైరింగు నేర్వాలి. ఆరో తరగతి నుంచే వృత్తివిద్య పరిచయం చేయాలని, సంచీ లేని రోజులు పది ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం అంది. పది రోజుల్లో పట్టీ బిగించడం కూడా రాదు. వారానికి రెండు పూటలైనా కావాలి. నేర్పడానికి చెయ్యి తిరిగిన నేతగాణ్ణి పిలవాలి, లెక్కల సారుకిచ్చే జీతమే ఆయనకూ ఇవ్వాలి, స్టాఫ్ రూములో కుర్చీ వేయాలి. ఆ కుర్చీ చూసిన పిల్లలు ఇంటికెళ్లి నాన్న పనిని వేరే కళ్లతో చూస్తారు.

మగ్గం నుంచి పై చదువుకు దారి కూడా ఉంది. వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఎప్పటినుంచో ఉంది. హైదరాబాదులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట 2024లో ఇంకొకటి వచ్చింది. మూడేళ్ల డిప్లొమా. రంగుల రసాయనం, నూలు లెక్క, డిజైన్ అన్నీ చెబుతారు. చిన్నప్పటినుంచి కండెలు చుట్టిన పిల్లకు ఆ తరగతిలో సగం పాఠం ముందే వచ్చి ఉంటుంది. కానీ గడప దాటాలంటే పదో తరగతి పాసై ఉండాలి.

అందుకే ఈసారి మీ ఇంట్లో ఎవరైనా తప్పితే, ముందు సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కోండి. తప్పింది లెక్కలైతే చదివించడానికి పొద్దున రెండు గంటలు చూడండి. సాయంత్రం వాడు మగ్గం దగ్గరికొస్తే పక్కన కూర్చోబెట్టుకుని చిటికి నేర్పండి. "సదువు అబ్బలే" అన్న మాట మాత్రం ఆ గదిలో ఎవర్నీ అననివ్వకండి.