పదకొండు నుంచి ఏడుకు

మోటార్ రేసింగ్‌లో నాకు ఫార్ములా-1 కన్నా దాని కిందిమెట్లలో కుర్రాళ్లు తలపడే పోటీలంటేనే ఎక్కువ ఇష్టం. ఎక్కువగా యూరప్‌లో జరిగే ఫార్ములా-3నే తీసుకోండి. 30 మందికీ ఒకటే డల్లారా కారు, ఒకటే 3.4 లీటర్ల ఇంజిన్, ఒకటే పిరెల్లి టైర్లు. జట్టు పనితనం వల్ల కొంత తేడా వస్తుంది, కాదనను. అయినా కుర్రాడి చేతిలో ఏముందో అక్కడ కనిపించినంత తేటగా పైమెట్టులో కనిపించదు.

2020 సీజన్ గురించి ఎవరు అడిగినా విసుగు లేకుండా చెబుతాను. కరోనా వల్ల అది జులైలో గానీ మొదలు కాలేదు. ఆస్ట్రియాలోని స్పీల్‌బెర్గ్ నుంచి ఇటలీలోని ముజెల్లో దాకా తొమ్మిది వారాంతాలు, 18 రేసులు. లియామ్ లాసన్, ఫ్రెడరిక్ వెస్టి చెరి మూడు రేసులు గెలిచారు. పట్టికలో వెస్టిది నాలుగో స్థానం, లాసన్‌ది ఐదు. ఛాంపియన్ ఆస్కార్ పియాస్ట్రి గెలిచినవి రెండే. ఏడాది మొత్తంలో ఒక్క పోల్, అంటే క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం, కూడా లేదు.

మరి ఎలా గెలిచాడు? ముజెల్లోలో జరిగిన చివరి వారాంతం చూడాలి.

అప్పటి పద్ధతిలో శనివారం రేసులో మొదటి పదిమందిని తిరగేసి ఆదివారం నిలబెట్టేవారు. పదోవాడికి అందరికన్నా ముందు చోటు. పదకొండోవాడు మాత్రం పదకొండులోనే. పియాస్ట్రి సరిగ్గా పదకొండో స్థానంలో వచ్చాడు, పాయింట్లూ లేవు. అతని జట్టు ప్రెమాలోనే ఉన్న లోగన్ సార్జెంట్ ఆరో స్థానంలో వచ్చి 160 పాయింట్లతో అతనికి సమానమయ్యాడు. 17 ఏళ్ల ఫ్రెంచ్ కుర్రాడు థియో పుర్షేర్ తొమ్మిది పాయింట్లు వెనక. మిగిలింది ఒక్క రేసు.

ఆదివారం మొదటి ల్యాప్‌లోనే సార్జెంట్ మరో కారుతో తగిలి తప్పుకున్నాడు. దాంతో పని అయిపోలేదు. పుర్షేర్ మూడో స్థానంలో ముగించి 161కి చేరాడు. పియాస్ట్రి పదకొండులోనే ఉండిపోయి ఉంటే టైటిల్ పుర్షేర్‌దే. కానీ పియాస్ట్రి ఏడో స్థానానికి వచ్చాడు. నాలుగు పాయింట్లు. 164, 161, 160.

పాయింట్లు ఏరుకోవడం రేసింగా అని కొందరు పెదవి విరుస్తారు. నేను ఒప్పుకోను. అంతా కలిసొచ్చిన రోజు గెలవడం చాలామందికి చేతనవుతుంది. శనివారం చేజారాక, ఎవరితో తగిలినా ఏడాది కష్టం పోతుందని తెలిసి, 19 ఏళ్ల వయసులో, తొందరపడకుండా, అలాగని వెనక్కి తగ్గకుండా ముందుకు రావడం వేరే విద్య. బౌలర్ల పిచ్ మీద చేసిన ముప్పై పరుగుల విలువ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పియాస్ట్రి మరుసటి ఏడాది ఫార్ములా-2 కూడా గెలిచి 2023లో ఫార్ములా-1లో అడుగుపెట్టాడు. సార్జెంట్, లాసన్ కూడా అదే ఏడాది అక్కడికి చేరారు. పుర్షేర్ 2023లో ఫార్ములా-2 ఛాంపియన్ అయినా తర్వాతి ఏడాది ఫార్ములా-1లో అతనికి సీటు దొరకలేదు. ఆ అన్యాయం నాకింకా మింగుడుపడలేదు.

పిల్లల్ని కార్టింగ్‌కు పంపే అమ్మానాన్నలకు ఒక మాట. సాయంత్రం ఇంటికొచ్చాక ఎన్నో స్థానమని మాత్రమే అడక్కండి. ఎక్కడ మొదలుపెట్టాడో కూడా అడగండి.