గీతలో కదిలిన రామకథ

జపాన్ దర్శకుడు యుగో సాకో, భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కుగా నిలిచిన రామ్ మోహన్, కోయిచి ససాకి కలిసి దర్శకత్వం వహించిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 1993 జనవరిలో న్యూఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. అయితే అది తెలుగు మాటలతో మన థియేటర్లకు చేరడానికి మరో 32 ఏళ్లు పట్టింది.

పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ అలహాబాద్ పరిసరాల్లో జరిపిన తవ్వకాలపై 1983లో డాక్యుమెంటరీ తీయడానికి వచ్చిన సాకో, రామకథ మీద మక్కువ పెంచుకుని, జపాన్ భాషలో దొరికిన రామాయణాలను చదివి, ఆ కథను బొమ్మల్లో చెప్పాలని నిశ్చయించుకున్నారు. రాముడు దేవుడు గనుక ఒక నటుడి ముఖం కంటే గీసిన రూపమే ఆయనకు తగినదని సాకో భావించారు. విదేశీయుడు రామాయణాన్ని ఇష్టారీతిన తెరకెక్కించరాదని విశ్వహిందూ పరిషత్ అభ్యంతరం తెలిపింది. సాకో వారికి నచ్చజెప్పగలిగినా, సున్నితమైన ఈ విషయాన్ని కార్టూన్‌గా చూపడం తగదని ప్రభుత్వం కూడా వెనకాడడంతో, భారత్‌లో జరగాల్సిన నిర్మాణం జపాన్‌కు తరలిపోయింది.

బొమ్మగా గీస్తే దేవుడి గౌరవం తగ్గుతుందన్న ఆ అనుమానానికి మన సంప్రదాయంలో ఆధారం కనిపించదు. చింతగింజల అంబలి, సుద్దమన్ను పూసిన గుడ్డపై చేర్యాల నకాషీలు పురాణాలను గళ్లు గళ్లుగా చిత్రిస్తే, కథకులు ఆ పటాన్ని విప్పుకుంటూ ఒక్కో ఘట్టాన్ని పాడి వినిపించేవారు; తోలుబొమ్మలాటలో రంగులద్దిన మేకతోలు రాముడు దీపం వెలుగులో తెర మీద నడిచేవాడు. ఎన్.టి. రామారావు ముఖంలో రాముణ్ణి చూసుకున్న తెలుగువారే, బాపు గీతలోని రాముణ్ణీ అంతే భక్తితో గోడకు తగిలించుకున్నారు.

సాకో చిత్రానికి వాడిన సెల్ యానిమేషన్ అనే చేతిపని ఇప్పుడు దాదాపు మరుగున పడింది గనుక దాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. ముందుగా ప్రధాన చిత్రకారుడు ఒక కదలికలోని ముఖ్యమైన భంగిమలను, అంటే విల్లు ఎత్తడం, నారి లాగడం, బాణం వదలడం వంటివాటిని గీస్తాడు. వాటి మధ్య వచ్చే బొమ్మలను సహాయకులు పూరిస్తారు. తర్వాత ప్రతి బొమ్మనూ సెల్ అనే పారదర్శకమైన పలుచని రేకు మీదికి ఎక్కించి, గీతను ముందువైపు ఉంచి రంగును వెనకవైపు పూస్తారు. అడవి, కోట వంటి దృశ్యాన్ని విడిగా చిత్రించిన కాగితంపై ఆ రేకును పరిచి, పైనుంచి కెమెరాతో ఒక్కొక్కటిగా ఫొటో తీస్తారు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 135 నిమిషాల చిత్రానికి 1,94,400 ఫ్రేములు కావాలి. సుమారు 450 మంది చిత్రకారులు దాదాపు లక్ష సెల్‌లు చేతితో తయారుచేశారు.

శ్రమంతా సంఖ్యలోనే లేదు. ధోవతి కట్టుకున్న మనిషి అడుగు వేసినప్పుడు కుచ్చిళ్లు ఎటు విచ్చుకుంటాయో, మోకాలి దగ్గర బట్ట ఎలా బిగుస్తుందో తెలియనివాడు గీస్తే ఆ నడక అబద్ధంలా కనిపిస్తుంది. అందుకే ధోవతి కట్టే తీరు, పెద్దలు పిల్లలను దీవించే పద్ధతి వంటివి భారతీయ చిత్రకారులు జపాన్ బృందానికి దగ్గరుండి నేర్పారు. ఇక కుంభకర్ణుడి వంటి భారీకాయానికి బరువు రావాలంటే, ఒక్క అడుగుకే ఎక్కువ బొమ్మలు కేటాయించి కదలికను నెమ్మదింపజేయాలి. ఈ చిత్రంలో అతడు లేచి నడిచే ఘట్టం ఈ కళకు మంచి పాఠం. వన్‌రాజ్ భాటియా సంగీతంలో సంస్కృతంలోనే ఉంచిన పాటలు కూడా కథ గాంభీర్యాన్ని కాపాడాయి.

తయారీ కష్టాలు తీరేసరికి విడుదల కష్టాలు మొదలయ్యాయి. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేతతో దేశమంతా ఉద్రిక్తత నెలకొన్న వేళ వచ్చిన ఈ చిత్రానికి థియేటర్లలో విస్తృతంగా ఆడే అవకాశం లేకపోయింది. కార్టూన్ నెట్‌వర్క్‌లో ప్రసారమైన తర్వాతే ఒక తరం పిల్లలకు అది చేరువైంది. సాకో 2012లోనూ, రామ్ మోహన్ 2019లోనూ కన్నుమూశారు. 4కె నాణ్యతతో పునరుద్ధరించిన ప్రతి 2024 అక్టోబరులో రావలసి ఉండగా వాయిదా పడి, చివరికి 2025 జనవరి 24న హిందీ, తమిళం, తెలుగు మాటలతో విడుదలైంది. ఈ పునర్విడుదలలో రచయిత వి. విజయేంద్రప్రసాద్ పాలుపంచుకున్నారు.

సాకో చిత్రం తెలుగుకు ఆలస్యంగా వచ్చింది సరే, తెలుగులోనే తయారై, 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ‘కిట్టు’ను ఈనాటి పిల్లల్లో ఎంతమంది చూసి ఉంటారు? హైదరాబాద్ స్టూడియోలు ప్రపంచానికి యానిమేషన్ పని చేసిపెడుతున్న కాలంలో ఇది బాధ కలిగించే విషయం. మన ఊళ్లలోని ఉపాధ్యాయులు సాకో రామాయణాన్ని తెలుగులో బడిపిల్లలకు ఒకసారి చూపించి, ఒక్క అడుగు నడకను వారిచేతే పన్నెండు కాగితాల మీద గీయించాలి.