గోడ మీది సర్టిఫికెట్

ఈ వారం యాప్‌లో అమ్మకి మందులు తెప్పించాను. కుర్రాడు ఓటీపీ అడిగాడు, కవరు చేతిలో పెట్టి చక్కా పోయాడు. విప్పి చూస్తే మెట్‌ఫార్మిన్ 500కి బదులు 1000. మందు మనిషి చేతి మీదుగా రావాలని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు మొత్తుకున్నాను.

ఈసారి మళ్లీ అదే రాద్దామని కూర్చుంటే 2020 గుర్తొచ్చింది. లాక్‌డౌన్ మొదలైన మర్నాడే, మార్చి 26న, మందుల షాపులు ఇంటికి పంపొచ్చని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. చీటీ ఈమెయిల్‌లో వచ్చినా సరే. కాకపోతే షాపు, రోగి ఒకే రెవెన్యూ జిల్లాలో ఉండాలి. బీపీ, షుగర్ లాంటి వాటికి చీటీ రాసి 30 రోజులు దాటకూడదు. గట్టి కట్టడి ఉన్న షెడ్యూల్ హెచ్1 మందులు కుదరవు. ఎదురింటాయన కరోనా భయంతో హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం ఎగబడ్డాడుగానీ, ఆ రోజే దాన్నీ హెచ్1 కట్టడిలోకి తెచ్చారు.

మా వీధి చివరి షాపుకి అమ్మ చీటీలు రెండూ ఫొటో తీసి పంపాను. పది నిమిషాల్లో ఎవరో అమ్మాయి ఫోన్. "చీటీలు జనవరివండీ, చెల్లవు. డాక్టరుగారు ఫోన్‌లో చూసి కొత్తవి రాసివ్వొచ్చు, మొన్ననే రూల్స్ వచ్చాయి. అన్నట్టు, అమ్మగారికోసారి ఇస్తారా?"

ఇచ్చాను.

"అమ్మా, పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయా?"

"నీకెలా తెలిసిందే తల్లీ? నెలన్నర నుంచీ!"

బీపీ డాక్టరు రాసింది టెల్మిసార్టాన్. గుండె డాక్టరు రాసిన జోడు బిళ్లలోనూ ఉన్నది అదే, పైన ఆమ్లోడిపిన్. ఆ రెండు బిళ్లల్నీ నెలనెలా నా చేతుల్తోనే, ఆ కౌంటరు దగ్గరే కొన్నాను. కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించిచ్చే కుర్రాడు లెక్క ఏనాడూ తప్పలేదు, మాట ఏనాడూ అడగలేదు. ఆ అమ్మాయే డాక్టరుతో మాట్లాడి ఒకటి ఆపించింది.

పేరడిగితే, ఎక్కడో చదివిన పేరే. షాపు గోడ మీద ఫ్రేములో ఉంది! "సర్టిఫికెట్ ఇచ్చానండీ, ఎప్పుడూ కూర్చోలేదు. కుర్రాళ్లు ఊళ్లకెళ్లిపోయారని రమ్మన్నారు," అంది. రిజిస్టరైన ఫార్మసిస్టు కళ్ల ముందే చీటీ మందు అమ్మాలన్నది 1945 నాటి రూలు. పదకొండేళ్లు నేను మొహం చూసి కొన్నానని మురిసిపోయిన షాపులో అసలు మనిషి లేనేలేదు. మనిషి దొరికింది ఫోన్‌లో.

కుర్రాళ్లు తిరిగొచ్చాక ఆమె మళ్లీ ఫ్రేములోకి వెళ్లిపోయింది. నా ఫోన్‌లో మాత్రం 'మందులమ్మాయి' అని నెంబరుంది. మొన్న ఆ 1000 బిళ్లలు పట్టుకుని దానికే కొట్టాను. ఎత్తింది.

"ముందు చీటీ ఫొటో పెట్టండి సార్. పాతది కాదుగా?"